చిరునామా చెప్పే విద్య

ఒక వస్తువు ఎక్కడ ఉన్నదో చెప్పడానికి మన రెండు భాషలలోనూ మాటలకు కొరత లేదు. తెలుగున చిరునామా అంటాము. ఆ మాట పారసీకపు సర్‌నామా నుండి, అనగా లేఖ నొసట వ్రాసే వ్రాత నుండి, మనకు చేరినది. విలాసం అంటాము, జాడ అంటాము, ఆచూకీ అంటాము. ఉర్దూలో పతా అంటారు. ఈ పతా అనే మాటకు మరొక గౌరవం కూడ ఉన్నది. 'ముఝే పతా నహీఁ' అంటే నాకు తెలియదు అని అర్థం. ఉనికి ఎరగడమే తెలివి అన్నట్లుగా ఆ భాష ఒకే మాటను రెండింటికీ వాడుకొన్నది. తెలుగు బోధించే మాబోటి వారికి ఇటువంటి మాటల వెంటపడి పోవడం అలవాటు. ఈ విద్యాసంవత్సరం ఆ అలవాటు మమ్ములను మేము ఎన్నడూ ఊహింపని చోటికి, కంప్యూటరు అంతఃపురమైన కెర్నెల్‌లోకి తీసికొనిపోయినది.

కారణం చెప్పవలెను. మా కళాశాలలో కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులకు సాయంత్రం వేళ అసెంబ్లీ భాషలో ఒక ఐచ్ఛిక తరగతి నడుస్తున్నది. దానిని కొనసాగించడమా, ఆ గదిని వేరొక అవసరానికి ఇవ్వడమా అన్న ప్రశ్న కమిటీ ముందున్నది. అభిప్రాయం వ్రాసి ఇమ్మని అన్ని శాఖల వారినీ అడిగినారు. తెలుగు శాఖకు దీనితో ఏమి పని అని మిత్రులు కొందరు నవ్వినారు. చూడకుండా అభిప్రాయం ఇవ్వడం మాకు ఇష్టం లేక, ఆ తరగతిలో వెనుక బల్ల మీద మూడు నెలలు కూర్చున్నాము. అక్కడ విన్నదీ, చూచినదీ, మాకు తోచినదీ ఈ పుటలలో వ్రాస్తున్నాము. శాస్త్రం తెలిసిన విద్యార్థులు ఓపిక పట్టవలెను. తెలియని వారు భయపడనక్కరలేదు.

ముందు మన నగరంలో ఒక ఇంటిని చూపించే పద్ధతులు ఎన్ని ఉన్నవో గమనించండి. పాత పట్టణంలో తలుపు మీద మూడు అంకెలు అడ్డగీతలతో కలిపి వ్రాసి ఉంటవి. మొదటిది వార్డు, రెండవది బ్లాకు, మూడవది ఇల్లు. ఇల్లు పంచుకొన్న అన్నదమ్ములుంటే ఏటవాలు గీత గీచి మరొక అంకె. ఉక్కునగరంలో సెక్టారు, క్వార్టరు నంబరు చెబితే చాలును. కాని ఆటో ఎక్కి ఈ అంకెలు చెప్పి ఇల్లు చేరినవారు ఎందరు? 'జగదాంబ నుండి పూర్ణా మార్కెట్ వైపు దిగండి, అక్కడినుండి ఎడమకు మూడో సందు' అంటాము. జగదాంబ ఒక సినిమాహాలు పేరు. ఆ పేరే కూడలికి పడి స్థిరపడినది. ఇక బండి సందులోకి వచ్చిన తరువాత మనం చెప్పేది ఇంకా చిన్నది: 'ఇక్కడే, మరి రెండిళ్లు ముందుకు.' అంకెలతో చెప్పినది పూర్తి చిరునామా. ఒక గుర్తు పట్టుకొని దానినుండి లెక్కించి చెప్పినది రెండవ రకం. మనం నిలిచిన చోటినుండి లెక్కించి చెప్పినది మూడవ రకం. మూడవది అన్నిటికన్న పొట్టిది. అయితే వినేవాడు మన పక్కన ఉంటేనే అది పనికివస్తుంది.

చిన్నయ సూరి బాలవ్యాకరణంలో ఆ, ఈ, ఏ అను మూడింటికీ త్రికమని పేరు పెట్టినారు. ఈ గ్రంథం 1858 నాటిది. దగ్గరిది ఈ, దూరపుది ఆ, తెలియనిది ఏ. ప్రతి సంవత్సరం మొదటి తరగతి విద్యార్థులకు దీనిని చెప్పి ముందుకు సాగిపోతూ ఉంటాము. ప్రాసెసరుకు చిరునామా చెప్పడంలో కూడ ఈ త్రికమే పని చేస్తుందని ఆ వెనుక బల్ల మీద కూర్చున్నప్పుడు మాకు తెలిసినది.

కంప్యూటరు మెమరీ అనగా వరుసగా పేర్చిన గడులు. ప్రతి గడిలో ఒక బైట్ పడుతుంది. ప్రతి గడికి ఒక సంఖ్య. గడినుండి తెచ్చి తన చెంతనున్న రిజిస్టర్లలో పెట్టుకోవడం, కూడడం, తీసివేయడం, పోల్చడం, మరల గడిలో పెట్టడం, ఇవే ప్రాసెసరు పనులు. నేడు బల్లల మీద కనిపించే అరవైనాలుగు బిట్ల ఎక్స్86 జాతి ప్రాసెసర్లలో సాధారణ ఉపయోగానికి చిరకాలంగా ఉన్న రిజిస్టర్లు పదహారే. గడులు మాత్రం వందల కోట్లు. కాబట్టి ప్రతి ఆదేశంలోనూ 'ఏ గడి?' అన్న ప్రశ్నకు సమాధానం ఉండవలెను. ఆ సమాధానం చెప్పే తీరులకే అడ్రసింగ్ మోడ్‌లని పేరు. విలువను ఆదేశంలోనే ఇమిడ్చి చెప్పవచ్చును. రిజిస్టర్‌లో ఉన్నదని చెప్పవచ్చును. గడి సంఖ్యను పూర్తిగా చెప్పవచ్చును. 'గడి సంఖ్య ఫలానా రిజిస్టర్‌లో ఉన్నది, అక్కడ చూచుకో' అనవచ్చును. ఇది 'పెద్దన్నయ్యను అడుగు, అతనికి తెలుసు' అన్నట్లు.

ఈ తీరులకు ఒక చరిత్ర ఉన్నది. 1978లో ఇంటెల్ సంస్థ తెచ్చిన 8086 ప్రాసెసరులో రిజిస్టర్లు పదహారు బిట్లవి. అంత చిన్న పాత్రలో 65,536 వరకే లెక్క పడుతుంది. గడులేమో 10,48,576 వరకు చేరవలెనని కోరిక. అందుకని చిరునామాను రెండు ముక్కలు చేసినారు. మొదటి ముక్కను పదహారుతో హెచ్చించి దానికి రెండవ ముక్కను కలపడం. మన వార్డు నంబరు, ఇంటి నంబరు వంటిదే. ఇందులో ఒక వింత ఉన్నది. వేర్వేరు జంటలు ఒకే మొత్తానికి వస్తవి గనుక ఒకే గడికి వేల చిరునామాలు ఏర్పడినవి. అటువంటి ఊరిలో తపాలా బంట్రోతు పని ఊహించుకోండి. చిరునామా లెక్కకు పనికివచ్చే రిజిస్టర్లు కూడ నాలుగే ఉండేవి. 1985లో వచ్చిన 80386 ఈ ఇరుకును చాలవరకు తీర్చినది. ఒక రిజిస్టర్‌లో మొదలు, రెండవ దానిలో వరుస సంఖ్య, ఆ సంఖ్యను ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిదింటిలో ఒకదానితో హెచ్చించడం, పైన ఒక స్థిరసంఖ్యను కలపడం, ఇంత లెక్కనూ ఒకే ఆదేశంలో చెప్పే వీలు కలిగినది. 'ఈ వీధి మొదటినుండి ఏడవ ఇల్లు, ఆ ఇంట రెండవ గది' అని ఒక్క ఊపిరిలో చెప్పినట్లు.

2003లో ఎ.ఎం.డి. సంస్థ అరవైనాలుగు బిట్ల ప్రాసెసరును విడుదల చేసినప్పుడు మరొక తీరు వచ్చి చేరినది. అదే మన 'ఈ'. ఇప్పుడు నడుస్తున్న ఆదేశం ఉన్న చోటినుండి ఇంత దూరం ముందుకో, వెనుకకో అని చెప్పడం. ఆ దూరం రెండు గిగాబైట్ల లోపల ఉండవలెను. చిత్రమేమంటే, మునుపు ముప్పదిరెండు బిట్ల పూర్తి చిరునామాకు వాడిన సంకేతాన్నే ఈ కొత్త తీరుకు ఇచ్చివేసినారు. పూర్తి చిరునామా చెప్పదలచినవారు ఇప్పుడు ఒక బైట్ అదనంగా ఖర్చు పెట్టవలెను. ఒక గడినుండి ముప్పదిరెండు బిట్ల విలువ తెచ్చే ఆదేశం పూర్తి చిరునామాతో ఏడు బైట్లు, దగ్గరి లెక్కతో ఆరు. 'ఇక్కడినుండి' అనడం 'ఫలానా నంబరు' అనడం కన్న పొట్టిదని జగదాంబ ఆటోలకు ఎప్పుడో తెలుసును.

ఒక్క బైట్‌కు ఇంత చర్చ దేనికి అని అడగవచ్చును. మేమూ అడిగినాము. తరగతి నడిపే అధ్యాపక మిత్రులు అతిశయోక్తి చెప్పలేదు. చాలా చోట్ల ఒక బైట్ వలన ఏ తేడా కనిపించదనీ, కొలిచి చూడకుండా వేగమన్న మాట ఎత్తరాదనీ ముందే హెచ్చరించినారు. కాని కెర్నెల్ సంగతి వేరు. యంత్రం మీద నడిచే ప్రతి ప్రోగ్రాముకూ మెమరీ పంచిపెట్టేదీ, ఫైళ్లు తెరిచేదీ, ప్రాసెసరు మీద వంతు ఇచ్చేదీ అదే. దాని వాకిట్లోని కొన్ని ఆదేశాలు సెకనుకు లక్షల సార్లు నడుస్తవి. రిజిస్టర్‌లో ఉన్నది వెంటనే దొరుకుతుంది; ప్రధాన మెమరీదాకా పోవలసివస్తే కొన్ని వందల గడియలు పడుతుంది. ఇక్కడ గడియ అంటే ప్రాసెసరు గడియారపు టిక్కు. మధ్యలో ఉండే క్యాష్ అనే చిన్న కొట్టు అరవైనాలుగు బైట్ల చొప్పున సరుకు తెచ్చి పెట్టుకొంటుంది. ఆదేశాలు పొట్టివైతే ఆ కొట్టులో ఎక్కువ పడతవి. అలాగని చిరునామా ఎంత చిక్కగా ఉంటే అంత మేలని కూడ కాదు. కొన్ని తరాల ఇంటెల్ ప్రాసెసర్లలో మొదలు, వరుస, స్థిరసంఖ్య మూడూ కలిసిన చిరునామాను 'లియా' అనే ఆదేశంతో లెక్కించడానికి ఒక గడియకు బదులు మూడు పట్టేవి. పొట్టిమాట అన్ని వేళలా త్వరగా అర్థం కాదు గదా!

ఇక అసలు విషయానికి వస్తాము. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ చాలవరకు సీ భాషలో వ్రాసినది. సీ భాషలో చెప్పడానికి వీలుకాని పనులు కొన్ని ఉన్నవి. అటువంటి చోట సీ వాక్యాల నడుమ అసెంబ్లీ ఆదేశాలను పొదుగుతారు. దీనినే ఇన్‌లైన్ అసెంబ్లీ అంటారు. జీసీసీ కంపైలర్ ఈ పొదుగుడుకు ఒక పద్ధతి ఏర్పరచినది. కుండలీకరణాల మధ్య నాలుగు భాగాలు: ఆదేశపు పాఠం, దాని ఫలితాలు, దానికిచ్చే సామగ్రి, అది చెరిపివేసే వస్తువుల పట్టిక. కంపైలర్ ఆదేశపు పాఠాన్ని చదివి అర్థం చేసికొనదు. పై మూడు పట్టికలలో మనం ఏమి వ్రాస్తే దానినే నమ్ముతుంది. ప్రతి వస్తువు పక్కన ఒక అక్షరం వ్రాయవలెను. 'ఆర్' అని వ్రాస్తే రిజిస్టర్‌లో పెట్టి ఇమ్మని. 'ఐ' అంటే స్థిరసంఖ్య. 'ఎమ్' అంటే మెమరీలో ఉన్న చోటనే ఉండనిమ్మని. ఏ తీరు చిరునామా అక్కడికి అనువైనదో కంపైలరే ఎన్నుకొంటుంది.

ఈ అక్షరాలను మొదట చూచినప్పుడే ఇవి విభక్తులని మాకు తోచినది. వ్యాకరణం బోధించేవారికి లోకమంతా వ్యాకరణమే కనబడుతుందని మిత్రులు ఎగతాళి చేసినారు. చేయనిండు. 'పులి ఆవు చంపినది' అంటే ఎవరు చచ్చినట్లు? 'ను' అన్న ఒక్క ప్రత్యయం లేకపోతే వినేవాడు తన ఊహతో పూరించుకొంటాడు. మనిషి గనుక లోకజ్ఞానంతో పులినే కర్తను చేస్తాడు. కంపైలరుకు లోకజ్ఞానం లేదు.

దీనికి సాక్ష్యం ఆ తరగతిలోనే దొరికినది. మూడవ సంవత్సరం విద్యార్థి ఒకడున్నాడు. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు చదువుకొన్నవాడు. తండ్రి ఓడరేవులో కలాసీ. ఇతడు ఒక చిన్న కెర్నెల్ మాడ్యూల్ వ్రాయపూనుకొన్నాడు. ఒక పట్టికలో ఏదో ఒక లెక్కను ఒకటి చొప్పున పెంచుతూ పోవడమే దాని పని. మొదట అతడు గడి చిరునామాను 'ఆర్' అక్షరంతో రిజిస్టర్‌లో తెప్పించుకొని, అక్కడినుండి పెంచినాడు. మెమరీలో ఏమి మారినదో కంపైలరుకు తెలియదు గనుక 'మెమరీ యావత్తూ మారి ఉండవచ్చును' అని నాలుగవ పట్టికలో వ్రాసినాడు. ఆ మాట వ్రాసిన చోటల్లా కంపైలర్ తాను రిజిస్టర్లలో దాచుకొన్నవి నమ్మడం మానివేసి, గడులను మరల చదువుతుంది. ఇంటిలో ఒక గిన్నె మార్చినందుకు వంటిల్లంతా మరల సర్దినట్లు. పుట్టిన ఆదేశాలు రెండు: చిరునామా లెక్కించేది నాలుగు బైట్లు, పెంచేది మూడు బైట్లు, వెరసి ఏడు. పైగా ఒక రిజిస్టర్ వ్యర్థంగా చిక్కుకొన్నది.

అధ్యాపకులు 'ఎమ్' వాడి చూడమన్నారు. వాడినాడు. మొదలు, వరుస, ఎనిమిది రెట్లు, అన్నీ కలిసి ఒకే ఆదేశంలో ఇమిడినవి. నాలుగు బైట్లు. రిజిస్టర్ మిగిలినది. 'మెమరీ యావత్తూ' అన్న పెద్ద మాటతో అవసరం తీరిపోయినది. విద్యార్థి ముఖం వెలిగినది. మరునాడు అదే ముఖం వాడినది. లెక్క పెరుగుతున్నది, కాని ప్రోగ్రాము పాత లెక్కనే చూపిస్తున్నది! అతడు ఆ గడిని సామగ్రి పట్టికలో వ్రాసినాడు, ఫలితాల పట్టికలో వ్రాయలేదు. 'చదువుతారే గాని మార్చరు' అని కంపైలర్ నమ్మి, మునుపు చదివిన విలువనే చూపించినది. మరొక చమత్కారం కూడ ఉన్నది. ఆ ముక్కనే మామూలు ప్రోగ్రాముగా, వేగపు సవరణలేవీ లేకుండా కంపైల్ చేస్తే జవాబు సరిగానే వచ్చినది. సవరణలు కోరినప్పుడే తప్పినది. లినక్స్ కెర్నెల్ ఆ సవరణలు లేకుండా తయారుకాదు. గడిని ఫలితాల వరుసకు మార్చి, 'ఎమ్' ముందు ఒక కూడిక గుర్తు పెడితే, చదవడమూ మార్చడమూ రెండూ ఉన్నవని అర్థం. ఆ గుర్తు కనుగొనడానికి అతనికి మూడు సాయంత్రాలు పట్టినది. 'ను' ప్రత్యయం అన్నాము మేము. 'సార్, పరీక్షలో విభక్తుల ప్రశ్న ఈసారి వదలను' అన్నాడు.

మాకు అన్నిటికన్న నచ్చిన పాఠం మరొకటి. నేటి యంత్రంలో ప్రాసెసర్లు అనేకం. కెర్నెల్‌లో కొన్ని లెక్కలు ఒక్కొక్క ప్రాసెసరుకు విడివిడిగా ఉంటవి. పేరు ఒకటే, గడులు వేరు. 'మా ఇంటి బియ్యపు డబ్బా' అన్న మాట వీధిలో ప్రతి ఇల్లాలూ అనగలదు. ఎవరి నోట పలికితే వారి డబ్బాయే అవుతుంది. ఎక్స్86 కెర్నెల్‌లో జీఎస్ అనే సెగ్మెంట్ రిజిస్టర్ ఆ 'మా ఇల్లు'. ప్రతి ప్రాసెసరూ తన ఇంటి మొదలును దానిలో ఉంచుకొంటుంది. 'జీఎస్ నుండి ఇంత దూరం' అని ఒకే ఆదేశంతో తన లెక్కను పెంచుకొంటుంది. ఒకే ఆదేశం గనుక మధ్యలో మరొక పని వచ్చి అడ్డు తగలదు. దీనినే రెండు ఆదేశాలుగా విడగొడితే మొదటి దానికీ రెండవ దానికీ నడుమ ఆ పనిని వేరొక ప్రాసెసరుకు బదిలీ చేయవచ్చును. అప్పుడు 'మా ఇల్లు' అని తలచినది పొరుగువారి ఇల్లవుతుంది. ఇక్కడ చిరునామా చెప్పే తీరు వేగానికి మాత్రమే సంబంధించినది కాదు.

తెలుగున మా, మన అని రెండు మాటలున్నవి. మాది మాదే, మనది మీదీ మాదీ. ఉర్దూలో 'హమారా' ఒక్కటే రెండింటికీ చాలుతుంది. మన ఉర్దూ మాతృభాషా విద్యార్థులు తెలుగు మాట్లాడేటప్పుడు తొలినాళ్లలో తడబడేది ఇక్కడే. కెర్నెల్ వ్రాసేవారికి మాత్రం ఈ భేదం ప్రాణం. 'మన' లెక్కను ముట్టుకోవాలంటే తాళం వేయవలెను, లేదా ఇతర ప్రాసెసర్లను ఆపి ఉంచే ప్రత్యేకపు ఆదేశం వాడవలెను. 'మా' లెక్కకు ఆ తతంగం అక్కరలేదు. ఈ మాట చెప్పినప్పుడు తరగతి అంతా ఒక్కసారి మా వైపు తిరిగినది. వెనుక బల్ల విద్యార్థికి అంత గౌరవం తరచు దక్కదు.

విద్యార్థి తండ్రి ఒకనాడు కొడుకును పిలుచుకొనిపోవడానికి గదికి వచ్చినాడు. బోర్డు మీద గీతలు చూచి ఏమిటని అడిగినాడు. ఆనాటి పాఠం ఇది: యంత్రం మేల్కొన్న ప్రతిసారీ కెర్నెల్‌ను వేరొక చోట దించుతారు, దొంగలు దాని గడులను ముందుగా ఊహింపకుండా. 2014 నుండి లినక్స్‌లో ఈ ఏర్పాటు ఉన్నది. చోటు మారితే పూర్తి చిరునామాలన్నీ దిద్దవలెను. దగ్గరి లెక్కలను దిద్దనక్కరలేదు. కొడుకు ఉర్దూలో వివరించినాడు. ఆయన కొంతసేపు విని, మాతో తెలుగులో అన్నాడు: 'ఇదేటి మాస్టారూ, మాకు తెలిసిందే. సరుకు ఎక్కడుందంటే రెండో హాచ్, కింది అంతస్తు, కుడి పక్క అంటాం గానీ, ఫలానా బెర్తు నుంచి ఇన్నడుగులు అనం. ఓడని ఈస్ట్ క్వే నుంచి వెస్ట్ క్వేకి మారిస్తే? లోపల సరుకు కదల్దు కదా.' 1933లో తెరిచినది మన ఓడరేవు. అక్కడ తరతరాలుగా మోపులు ఎత్తినవారి వద్ద ఈ పాఠం సిద్ధంగా ఉన్నది. దానిని తరగతిలోకి తెచ్చే దారి మాత్రం మేము వేయలేదు.

ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. కాగితం మీద ఒకటి, రెండు, మూడు. మనిషికి పేరు కావలెను, యంత్రానికి అంకె. రెండింటికీ నడుమ ఎవరో ఒకరు పట్టిక వ్రాయవలసినదే. ఆ పని లింకర్ అనే ప్రోగ్రాముది. దాని జోలికి ఇక్కడ పోము.

ఇక కమిటీలోని పెద్దలు కొందరు అన్న మాటకు వస్తాము. 'ఇదంతా కంపైలర్ చేస్తున్నప్పుడు పిల్లలు నేర్వడం దేనికి?' అన్నారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కెర్నెల్ వ్రాసేవారే అవకాశం ఉన్న చోటల్లా ఇన్‌లైన్ అసెంబ్లీని తగ్గించుకొంటున్నారు. జీఎస్ చిరునామాలను కంపైలరే నేరుగా అర్థం చేసికొనే వీలు జీసీసీలో 2016 నుండి ఉన్నది. కెర్నెల్‌లో దానిని ప్రవేశపెట్టే పని 2023-24లో జరిగినది. చేతితో వ్రాసిన చిరునామా కన్న కంపైలర్ ఎన్నుకొన్నది చాలసార్లు మెరుగు. 'ఎమ్' అక్షరపు రహస్యం కూడ అదే: తాను తీర్మానించవలసినది తాను తీర్మానించి, మిగిలినది కంపైలరుకు వదలడం. అయితే ఎంత చెప్పవలెను, ఎంత వదలవలెను అన్నది తెలియాలంటే లోపల ఏమున్నదో ఒకసారైనా చూచి ఉండవలెను. పైగా తీరు అన్ని యంత్రాలకూ ఒకటి కాదు. విద్యార్థుల జేబులలోని ఫోన్లలో ఉన్నది కూడ లినక్స్ కెర్నెలే. కాని ఆర్మ్ జాతి ప్రాసెసరు మీద కొన్ని ప్రత్యేక ఆదేశాలు కూడికలేవీ లేని ఒక్క రిజిస్టర్ చిరునామానే ఒప్పుకొంటవి. దానికి 'క్యూ' అని వేరే అక్షరమున్నది. విశాఖలో పనికివచ్చిన తోవ విజయనగరంలో చెప్పినట్లవుతుంది ఈ భేదం తెలియకపోతే.

ఇదంతా దూరదేశపు విద్య, మనకెందుకు అన్నవారు కూడ ఉన్నారు. 1967లో హైదరాబాదులో ఈ.సీ.ఐ.ఎల్. స్థాపితమైనది. దానికి సారథ్యం వహించిన అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టినవారు. ఆ సంస్థ పేరున టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 అనే కంప్యూటర్లు దేశానికి వచ్చినవి. పన్నెండు బిట్లతో చెప్పదగిన చిరునామాలు 4,096. అంత ఇరుకులో సంసారం చేసినవారికి చిరునామా పొదుపు మనకన్న బాగా తెలిసి ఉండును.

మరొక సంగతి వ్రాయక తప్పదు. నిరుడు ఒక సంస్థవారు ఉద్యోగాల ఎంపికకు వచ్చినప్పుడు, మా విద్యార్థిని ఒకామె తాను అసెంబ్లీ తరగతికి వెళ్లుతున్నానని చెప్పినదట. 'మీ కళాశాలవారికి ఇది అవసరం పడదు, ప్యాకేజీలు నేర్చుకోండి' అన్నాడట ఎంపికకు కూర్చున్న పెద్దమనిషి. మంచి మనసుతోనే అని ఉండవచ్చును. ఆమె మాకు ఈ మాట చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పినది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఇటువంటి కళాశాలలో చదివినవారికి ఇంతవరకే అని ఎవరో గీత గీచి ఉంచినారు. ఆ గీతను మన కమిటీయే తన చేతితో దిద్ది గట్టిపరచడం మాకు సమ్మతం కాదు. ఈ తరగతికి వచ్చే పదునాలుగుగురిలో కెర్నెల్ వ్రాసేవారు ఒక్కరు తేలుతారో, అసలే తేలరో. ప్రతి సంవత్సరం మా వద్ద పద్యం చదివే రెండువందల మందిలో కవులు ఎందరు తేలినారని ఇంతవరకు ఎవరూ మమ్ములను అడగలేదు.

తరగతి ఉండవలెనని అభిప్రాయం వ్రాసి ఇచ్చినాము. దానితోపాటు కోరినవి రెండు. విద్యార్థులు ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకొని చదువుకోవడానికి, ఈ పాఠాలను తెలుగునా, ఉర్దూలోనూ వ్రాయించి సైక్లోస్టైలు కాగితాల వంటి చౌక ప్రతులుగా ఇప్పించడం ఒకటి. తెలుగు భాగం వ్రాయడానికి మేము సిద్ధం. ఉర్దూ శాఖవారు తమ భాగానికి ఒప్పుకొన్నారు. గదిలోని తొమ్మిది యంత్రాలలో రెండు మేల్కొనడం లేదు, ఒకదానికి కీబోర్డులో 'ఎమ్' మీట ఊడిపోయినది. వీటిని బాగుచేయించడం రెండవది. ఆ మీట లేని యంత్రం మీద కూర్చున్నవాడు ప్రస్తుతం పక్కవాని కీబోర్డు అరువడిగి ఆ ఒక్క అక్షరం కొట్టుకొంటున్నాడు.